ఈ చేతులెవరివి?

పురిటికి పుట్టింటికి వచ్చిన ప్రవల్లిక రెండు సూట్‌కేసులతోపాటు తల్లికోసం ఒక కెమెరా కూడా తెచ్చింది. అట్టపెట్టె విప్పి చూసిన సత్యవేణికి దాని తలేదో తోకేదో తెలియలేదు. చెక్కిన బొండాంలా గుండ్రంగా ఉంది. మెడ చుట్టూ తిప్పే రింగొకటి, ముందువైపు నీలం గాజుకన్ను ఒకటి.

"ఇదేం కెమెరానే? దీంతో తీస్తే మనిషి మనిషిలాగే పడతాడా?" అంది.

"మనుషుల్ని తీసేది కాదమ్మా, వస్తువుల్ని తీసేది. ఆ వస్తువుని ఇదివరకు పట్టుకున్న చేతులు పడతాయి దీంట్లో. నా కాన్పయ్యేదాకా తిన్నావా, పడుకున్నావా అని నా ప్రాణం తియ్యకుండా నీకో వ్యాపకం ఉంటుందని తెచ్చాను."

సత్యవేణికి పెద్దాపురం మెయిన్ రోడ్డులో గాజుల కొట్టుంది. భర్త సత్తిబాబు సంవత్సరంలో సగం తీర్థాలకీ జాతర్లకీ దుకాణం వేసుకుని తిరుగుతుంటే, ఊళ్లో కొట్టు ఆవిడే చూసుకుంటుంది. ఆడవాళ్ల చెయ్యి ఒక్కసారి పట్టుకుని నొక్కి చూసిందంటే గాజు సైజు రెండు నాలుగో రెండు ఆరో చెప్పేస్తుంది. మొహం మర్చిపోతాను గానీ చెయ్యి మర్చిపోను అని ఆవిడ గొప్ప. అలాంటి మనిషికి చేతులు చూపించే కెమెరా ఇవ్వడమంటే కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. ఆ పూట బేరాలు సగం పాడయ్యాయి.

ఆ కెమెరా కథ కూడా తమాషా అయినదే. చెయ్యి తాకిన చోటల్లా చెమటలోని ఉప్పూ జిడ్డూ లోహంలోకీ చెక్కలోకీ కంటికి ఆననంత లోతుకి దిగి స్థిరపడతాయని ఎక్కడో ప్రయోగశాలలో కనిపెట్టారు. మీద ఇంకో చెయ్యి పడితే ఇంకో వరస. విగ్రహాల దొంగల్ని పట్టుకుందామని వాళ్ల ఆశ. నీలం కాంతి వేస్తే ఆ వరసలు పైనుంచి ఒక్కొక్కటే లేచి వెలుగుతాయి, కానీ లేచిన వరస ఇక మిగలదు, ఆవిరైపోతుంది. సాక్ష్యం చూపిస్తూ చూపిస్తూ సాక్ష్యాన్నే మింగేసే యంత్రం కోర్టుకెందుకు? పోలీసులు వద్దనుకున్నాక అది ఇలా సరదాపడేవాళ్ల చేతుల్లో పడింది.

సరదాపడేవాళ్లందరికీ ఫోనులో 'చేతిజాడ' అనే గుంపొకటి ఉంది. ప్రవల్లిక తల్లిని అందులో చేర్చింది. చేరగానే గుంపు పెద్ద యాకూబ్ మాస్టారి దగ్గర్నుంచి సందేశం వచ్చింది. ఆయన నెల్లూరులో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి.

"రండి సత్యవేణమ్మా. మన గుంపులో పద్ధతులు మూడేనమ్మా. మీ మొదటి బొమ్మ, పోయినా మీరు ఏడవని వస్తువుది అయ్యుండాల. బొమ్మ పెట్టినాక ఈ చేతులెవరివి అని అందరం అడగతాం, మీరు పేరు చెప్పాల. మూడోది సమయం వచ్చినప్పుడు చెప్తా."

పోయినా ఏడవని వస్తువంటే సత్యవేణికి కొట్టు తాళంకప్ప తోచింది. మామగారి కాలం నాటి ఇత్తడి కప్ప. ఫొటో అన్నాక శుభ్రంగా ఉండద్దూ? చింతపండు పట్టించి, బూడిద వేసి, అద్దంలా మెరిసేదాకా తోమింది. ఆరబెట్టి, బొట్టొకటే తక్కువగా పీట మీద పెట్టి, గది తలుపులు మూసి, మీట నొక్కింది. ఫోనులో బొమ్మ పడింది. రెండు చేతులు, పది వేళ్లు, కప్పని పీక పిసికినట్టు పట్టుకుని ఉన్నాయి. వేళ్లు బారెడు పొడవున సాగిపోయి ఉన్నాయి.

గుంపులో పెట్టగానే అడగడం మొదలైంది. ఈ చేతులెవరివి? ఈ చేతులెవరివి?

"నావే," అని రాసింది సత్యవేణి, సిగ్గుపడుతూ.

కరీంనగర్ నుంచి స్రవంతి అనే అమ్మాయి నవ్వు బొమ్మలు కురిపించింది. "అక్కా, తోమినవా ఏంది? అయ్యో, తోమితే పాతయి పోవక్కా. తోమిన చెయ్యి గూడ చెయ్యే గద! అది మీదికెల్లి ఇంకో వరుస పడుతది. ఎంత గట్టిగ రుద్దితే అంత మంచిగ పడుతది."

ఆ రోజునుంచి గుంపులో ఆవిడ పేరు చింతపండక్క. సత్యవేణి ఏమీ అనుకోలేదు, పైగా లోపల్లోపల మురిసిపోయింది. పెళ్లయిన పాతికేళ్లలో అత్తగారి కోడలు, సత్తిబాబు పెళ్లాం, ప్రవల్లిక తల్లి, గాజులామె అని తప్ప ఆవిడకంటూ ఎవరూ ఒక పేరు పెట్టిన పాపాన పోలేదు. కొట్టు కట్టేశాక కూతురి పక్కన కూర్చుని రింగు ఎంత తిప్పితే ఎంత లోతుకి వెళుతుందో నేర్చుకుంది. పై వరసలు పొగలా కలగలిసి లేచిపోతాయి. రింగు ఎక్కడ ఆపితే ఆ ఒక్క వరసే బొమ్మయి నిలుస్తుంది. పాత పెట్టె మీద అత్తగారి చెయ్యి పట్టింది, తక్కెడ మీద మామగారి చెయ్యి పట్టింది. అత్తగారిది రెండు పది సైజని, ఆ చేత్తో మొట్టికాయ తింటే తల దిమ్మెక్కేదని గుంపులో రాస్తే అందరూ పడీ పడీ నవ్వారు.

నెలలు నిండుతుండగా, పుట్టబోయే బిడ్డ కోసమని అటక మీది పెట్టె దింపారు. అందులోంచి పాత చీరముక్కలో చుట్టిన ఉగ్గుగిన్నె బయటికి వచ్చింది.

కంచుది. అరచేతిలో ఇమిడిపోతుంది. పక్కన చిన్న ముక్కు, దాని చివర పసిపెదవులకి గుచ్చుకోకుండా నున్నగా అరగదీసిన అంచు. సత్యవేణి దాన్ని చేతిలోకి తీసుకోగానే ఇన్నాళ్లూ తనకి ఈ ఆలోచన ఎందుకు రాలేదా అనుకుంది.

ఆవిడ తల్లి సుభద్ర, సత్యవేణికి ఎనిమిది నెలలప్పుడు జ్వరం వచ్చి పోయిందట. ఒక్క ఫొటో లేదు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఫొటో తీయించుకునే స్తోమతూ లేదు, తీరికా లేదు. సుభద్ర చెల్లెలు మంగతాయారు వచ్చి బిడ్డని ఎత్తుకుంది. ఏడాది తిరక్కుండా పెద్దలు ఆవిడనే బావకిచ్చి చేశారు. ఆవిడకి మళ్లీ పిల్లలు కలగలేదు. సత్యవేణికి తెలిసిన తల్లి మంగతాయారే, ఇప్పుడుండేదీ సత్యవేణి దగ్గరే. కానీ మొదట్నుంచీ పిన్నీ అనే పిలవమని నేర్పింది ఆవిడ. "మీ అమ్మ పేరు నేను పట్టుకుపోతే దానికంటూ ఏం మిగులుతుందే?" అనేది. కన్నతల్లి గురించి సత్యవేణికి ఉన్న ఆస్తి అంతా ఒక్క మాటే. మీ అమ్మ ఈ గిన్నెతోనే, తన చేత్తోనే నీకు ఉగ్గు పట్టేది. అది చిన్నప్పుడు పిన్ని చెప్పిన మాట.

అయితే ఆ చేతులు ఇందులో ఉన్నాయన్నమాట! అన్నిటికన్నా అడుగున. సత్యవేణికి కాళ్లు ఆగలేదు. గిన్నె పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

"పిన్నీ, దీంట్లో మా అమ్మ చేతులు తీస్తాను. బిడ్డ పుట్టాక వాడకం మొదలైతే మీద మళ్లీ వరసలు పడి అడుగుదాకా వెళ్లడం ఇంకా కష్టమవుతుంది. ఇప్పుడే తీసేస్తాను."

మంగతాయారు పీట మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. అరవై అయిదేళ్ల మనిషి. చిన్నప్పుడు తిరగలి రాయి మీద పడి ఆవిడ కుడి బొటనవేలు కణుపు దగ్గర బిగిసిపోయింది. ఏది పట్టుకున్నా ఆ వేలు కర్రముక్కలా నిటారుగా నిలబడుతుంది. గాజులు తొడిగేటప్పుడు బొటనవేలు అరచేతిలోకి మడవాలి కదా, అది మడవదు. అందుకని చెయ్యి రెండు నాలుగే అయినా గాజులు రెండు ఎనిమిది ఎక్కించాలి. పండక్కీ పబ్బానికీ సబ్బునురగ రాసి ఆ చేతికి గాజులు తొడిగేది సత్యవేణే. ఇంకెవరి చేతికీ ఇవ్వదు ఆవిడ.

చిక్కుడుకాయ పట్టుకున్న ఆ చెయ్యి ఆగిపోయింది.

"ఆ పాత గిన్నెతో ఏం పనే? రోలుంది, చెంబులున్నాయి. వాటిని తీసుకో."

"వాటిలో మా అమ్మ లేదుగా."

"పోయినవాళ్లని కదపకూడదే తల్లీ," అని తల వంచుకుని మళ్లీ చిక్కుళ్లలో పడింది మంగతాయారు. చాదస్తం అనుకుంది సత్యవేణి.

మర్నాడు మధ్యాహ్నం అన్నానికి కొట్టునుంచి వచ్చేసరికి పెరట్లో గరగరమని చప్పుడు. మంగతాయారు నూతి దగ్గర చప్టా మీద కూర్చుని ఉగ్గుగిన్నె తోముతోంది. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు. నడుం వంగిపోయి, చెమటలు కారిపోతూ, లోకం మీద పగబట్టినట్టు తోముతోంది.

"అదేంటి పిన్నీ!"

"మురికి పట్టిందే. పసిదాని నోట్లో పెట్టేది."

"తోమితే పోవు పిన్నీ. నువ్వెంత రుద్దితే మీద నీ చెయ్యి అంత గట్టిగా పడుతుంది. అడుగున మా అమ్మ అలాగే ఉంటుంది."

ఆ మాటకి పిన్ని మొహం పాలిపోయింది. అది చూసేసరికి సత్యవేణికి ఏదో అర్థమైనట్టనిపించింది. అర్థమైంది తప్పు అని అప్పుడు తెలీదు.

"నీ చేతులు పోతాయనే కదా నీ బాధ? అడుగుది చూడాలంటే పైనున్నవన్నీ లేచిపోవాలి. నాకు పట్టినప్పటివీ, ప్రవల్లికకి పట్టినప్పటివీ నీ చేతులే అన్నీ. అందుకేగా అడ్డు పడుతున్నావు? నలభై ఆరేళ్లు నీ చేతులే చూశాను పిన్నీ. ఒక్కసారి మా అమ్మ చేతులు చూసుకుంటానంటే ఓర్చుకోలేవా?"

అన్నాక నాలిక్కరుచుకుంది. కానీ మాట జారింది, వెనక్కి తీసుకోవడానికి లేదు. మంగతాయారు గిన్నె కడిగి, చీర చెంగుతో తుడిచి, గట్టు మీద పెట్టింది. "అన్నం చల్లారిపోతోంది, లోపలికి రా," అని లేచి వెళ్లిపోయింది. ఆ పూట మామిడికాయ పప్పు ఎలా ఉందో సత్యవేణికి తెలియలేదు.

"ఏమైందమ్మా, అమ్మమ్మ రెండోసారి వడ్డించకుండా నన్ను వదిలేసింది ఇవాళ," అంది ప్రవల్లిక.

కొట్టుకి వెళ్లి కూర్చున్నా మనసు మనసులో లేదు. బేరాల్లేని వేళ చూసి యాకూబ్ మాస్టారికి ఫోను చేసి జరిగిందంతా చెప్పింది.

"నా మొదటి బొమ్మ ఏందో చెప్పేదా అమ్మా? మా ఇంటామె కళ్లజోడు. ఆమె పొయ్యి అప్పటికి నెల్లాళ్లయింది. ముప్ఫై ఏళ్లు చేత్తో తీసి పెట్టి, తీసి పెట్టి వాడిన జోడు. దాంట్లో ఆమె వేళ్లు చూసుకోవాలని పిచ్చి పట్టింది. రింగు తిప్పడం కూడా సరిగా రాదు నాకు. లోతుకు పోతే ఇంకా బాగా కనపడతాయేమోనని తిప్పుకుంటా పొయ్యా. ఆఖరికి ఎవురి చెయ్యి వచ్చిందో తెలుసునా? ట్రంకురోడ్డులో కళ్లజోళ్ల షాపాయనది!" ఆయన నవ్వాడు. "ఆమెదంతా పొగయిపొయ్యింది. ఇప్పుడా జోడు చేతిలోకి తీసుకుంటే అంగట్లోంచి అప్పుడే తెచ్చినట్టుంటది. అందుకే అమ్మా, మొదటి బొమ్మ ఏడవని వస్తువుది తియ్యమనేది."

"నన్నేం చెయ్యమంటారు మాస్టారూ?"

"మూడో పద్ధతి చెప్తానంటి కదా, ఇదే అది. పై వరసల వాళ్లు బతికుంటే, వాళ్లని అడిగి తియ్యాల. అడగాల్సింది నన్ను కాదు."

ఆ సాయంత్రం సత్యవేణి ఇంటికి వెళ్తూనే కెమెరాని అట్టపెట్టెలో పెట్టి మూసేసింది. పిన్ని కాళ్ల దగ్గర కూర్చుంది. ఆ బిగిసిన బొటనవేలు పట్టుకుని నిమిరింది.

"తప్పయిపోయింది పిన్నీ. నేను తియ్యను. నీ చేతులు చెరిపేసి చూసుకునేంత గొప్పేం కాదు నాకు. అడగకుండానే తీసేస్తాననడం కూడా తప్పే."

మంగతాయారు చాలాసేపు పెట్టె వంక చూసింది.

"చూడాలని బాగా ఉందేంటే?"

అబద్ధం చెప్పడం సత్యవేణికి చేతకాలేదు. "ఉంది పిన్నీ. ఎవరైనా ఆడమనిషి కొట్టుకొచ్చి చెయ్యి చాపిందంటే, మా అమ్మది ఇంతుండేదా, ఇలా ఉండేదా అనుకుంటాను. కొట్లో కూర్చున్నప్పట్నుంచీ అంతే." అలా అంటూ అంటూ ఏడ్చేసింది.

"ఏడవకే. రేపు తీద్దువుగాని. నా చేతులకేం, ఇవిగో, ఇక్కడే ఉన్నాయి. గిన్నెలోవి పోతే పోనీ." "ఒకటే మాట. ఏం వచ్చినా, నా మీద కోపం పెట్టుకోకూడదు."

"కోపం ఎందుకొస్తుంది?"

మంగతాయారు లేచి వంటింట్లోకి వెళ్లింది.

మర్నాడు కొట్టుకి సెలవు. సామాన్ల గది కిటికీకి దుప్పటి కట్టారు. పీట మీద ఉగ్గుగిన్నె. ప్రవల్లిక బరువుగా కుర్చీలో కూర్చుని ఫోను పట్టుకుంది, అందులో యాకూబ్ మాస్టారు వింటూ, తెర మీద పడేదంతా అక్కణ్ణుంచే చూస్తున్నాడు. మంగతాయారు గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నిదానంగా తిప్పండమ్మా," అన్నాడు మాస్టారు. "అన్నిటికన్నా అడుగున కంచరాయన చెయ్యి ఉంటది, గిన్నె చేసినాయనది. సుత్తి పట్టిన చెయ్యి గాబట్టి మొరటుగా, ఒకే చోట వత్తి వత్తి ఉంటది. అది అంచున మసకగా తగలగానే ఆపెయ్యండి. దానిమీద మొదట పడిన చేతులే మీక్కావాల్సినవి."

నీలం కాంతి గిన్నె మీద పడింది. సత్యవేణి రింగు తిప్పింది. ఫోను తెర మీద వెలుగుపొగ లేచింది. మొదట నిన్నటి తోముడు, పది వేళ్ల పెనుగులాట. అది కరిగిపోయింది. తర్వాత ఇద్దరి చేతులు ఒకదాన్నొకటి అందుకుంటున్నట్టు కలిసిపోయి వచ్చాయి. అవి తనవీ పిన్నివీ, ప్రవల్లికకి పట్టినప్పటివి. అవీ పోయాయి. తర్వాత పిన్నివే, మళ్లీ పిన్నివే, ఒకదాని మీద ఒకటి, లెక్క లేనన్ని. ఒక్కొక్కటీ లేచి వెలిగి ఆరిపోతుంటే సత్యవేణికి గుండెలో గుచ్చుకున్నట్టయింది. ఇక చాలు, ఇక్కడే ఆపేద్దామా అనిపించింది. గుమ్మం వైపు చూసింది. కానీ పిన్ని తల ఊపింది, తిప్పమని.

అంచున మొరటు చెయ్యి మసకగా తగిలింది.

"ఆపండి!" అన్నాడు మాస్టారు.

ఆపింది. పొగ తేరుకుంది. బొమ్మ నిలిచింది.

ఎడమ అరచెయ్యి గిన్నె అడుగుని పువ్వులా పట్టుకుని ఉంది. కుడిచెయ్యి పక్కనుంచి వచ్చి ముక్కు దగ్గర ఆనింది. చిన్న చేతులు, లేతవి, రెండు నాలుగు గాజు కూడా వదులయ్యే చేతులు. వాటి మీద, అంచుకి వేలాడుతున్నట్టు, బియ్యపుగింజలంత వేళ్లు అయిదు. పురిటిబిడ్డవి.

సత్యవేణి ముందు ఆ చిన్న వేళ్లు చూసింది. తర్వాత కుడిచేతి బొటనవేలు చూసింది. అది వంగలేదు. గిన్నె గుండ్రానికి మిగతా వేళ్లన్నీ వంగి ఉంటే, అదొక్కటీ కర్రముక్కలా నిటారుగా నిలబడి, పక్కవాటుగా ఆని ఉంది.

"పైనే ఆపేశాను మాస్టారూ," అంది కంగారుగా. "ఇది మా పిన్ని చెయ్యి. ఇంకా అడుక్కి వెళ్లాలి."

"లేదమ్మా. బాగా చూడండి, కంచరాయన చెయ్యి ఆనుకునే ఉంది. దీనికీ దానికీ మధ్య ఎవురూ లేరు." ఆయన గొంతు తగ్గించాడు. "నేను మళ్లీ మాట్లాడతా," అని ఫోను పెట్టేశాడు.

ప్రవల్లిక లేచి కిటికీ మీది దుప్పటి తీసేసింది. సత్యవేణి గుమ్మం వైపు తిరిగింది. మంగతాయారు అక్కడే నేల మీద కూలబడిపోయి ఉంది.

"మీ అమ్మ నిన్ను కన్న రోజే పోయిందే," అంది. "నీ ఏడుపు విన్నది, అంతే. నిన్ను చూడనైనా చూడలేదు. నేను పంతొమ్మిదేళ్లదాన్ని. తుని సంతలో చేసిన కంచరాయన దగ్గరే ఈ గిన్నె కొని తెచ్చాను. పట్టడం చేతకాక సగం నీ చెవుల్లో పోసేదాన్ని."

"మరి ఎనిమిది నెలలని ఎందుకు చెప్పావు?"

"నువ్వు రెండో తరగతి చదువుతున్నావు. పక్కింటి ముసలమ్మ ఏదో తగువులో, తల్లిని మింగి పుట్టిన పిల్ల అంది నిన్ను. నువ్వు పలకా సంచీ విసిరికొట్టి ఇంటికొచ్చి, పిన్నీ, నేను అమ్మని మింగానా అని అడిగావు. రెండ్రోజులు ముద్ద ముట్టలేదు. నోట్లో పెడితే, మళ్లీ మింగుతానేమో వద్దు అన్నావు." ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది. "ఏం చెయ్యనే? ఛఛ, మీ అమ్మ ఎనిమిది నెలలు బతికింది, ఇదిగో ఈ గిన్నెతో తన చేత్తో నీకు ఉగ్గు పట్టింది, తర్వాతెప్పుడో జ్వరం వచ్చి పోయింది, నీకేం సంబంధం అన్నాను. అప్పుడు తిన్నావు. ఇంకెవరైనా నిజం చెప్పేస్తారని మీ నాన్నని పోరి ఆ ఊరే వదిలించి ఇక్కడికి తీసుకొచ్చాను. తద్దినం పెడితే నువ్వు పుట్టిన తిథేనని తెలిసిపోతుందని పెద్దల అమావాస్యకే కానిచ్చాం. పైలోకంలో అక్క నన్నేమనుకుందో ఏమో."

సత్యవేణికి ఆ రెండో తరగతి రోజు గుర్తు లేదు. గుర్తు లేకుండా చేసింది ఆ మాటే కాబోలు. ఇన్నేళ్లూ ఆవిడ ఎవరినీ మింగిన పిల్లలా బతకలేదు. కడుపునిండా తిని, గలగలా నవ్వి, ఊళ్లో సగంమంది ఆడవాళ్ల చేతులు పట్టుకుని గాజులు తొడిగి బతికింది. నిన్న పెరట్లో పిన్ని నడుం వంగిపోయేలా తోమింది తన చేతులు చెరిగిపోతాయని కాదు. సత్యవేణి మనసులో ఉన్న తల్లి చేతులు చెరిగిపోతాయని.

"ఇప్పుడు నీకు మీ అమ్మని లేకుండా చేశాను," అంది మంగతాయారు. "కోపం పెట్టుకోనన్నావు."

సత్యవేణి వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. చాలాసేపు ఆవిడ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. సుభద్ర కోసం ఏడ్చింది, చూడకుండా వెళ్లిపోయినందుకు. వరసగా వెలిగి ఆరిపోయిన ఆ చేతులన్నిటికోసం ఏడ్చింది. ఎవరికోసం ఎంత ఏడ్చిందో ఆవిడకే తెలీదు. తర్వాత ముక్కు చీది, "చెవుల్లో పోశావా? అందుకేనేమో నాకు ఎడమచెవి సరిగా వినపడదు," అంది. మంగతాయారు ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. అక్కడ ప్రవల్లిక కడుపు పట్టుకుని, "నన్ను నవ్వించకండి, ఇప్పుడే వచ్చేట్టుంది," అంది.

కాఫీలు తాగాక సత్యవేణి బొమ్మని గుంపులో పెట్టింది. కాఫీ తాగేటప్పుడే గమనించింది, తను కూడా గ్లాసుని బొటనవేలు నిటారుగా పెట్టి పట్టుకుంటుందని. పుట్టు అవిటి కాదు, చూసి నేర్చుకున్నది.

పెట్టగానే వరసగా అడగడం మొదలైంది. స్రవంతి అడిగింది, ఊరూ పేరూ తెలియని మరో పదిమంది అడిగారు. ఈ చేతులెవరివి? చింతపండక్కా, ఈ చేతులెవరివి? యాకూబ్ మాస్టారు మాత్రం ఏమీ అడగలేదు.

మంగతాయారు కళ్లజోడు పెట్టుకుని వచ్చి ఫోనులోకి వంగి చూసింది. "మా పిన్నివి అని రాయి. మంగతాయారు అని పూర్తి పేరు పెట్టు," అంది.

"ఉండు పిన్నీ, రాస్తున్నాను. ఈలోగా ఇది పట్టుకో." సత్యవేణి తన చెయ్యి తగలకుండా గిన్నెని చెంగుతో తీసి ఆవిడ చేతికిచ్చింది. "ఇప్పుడిది ఉత్త ఖాళీ గిన్నె. చేసినాయనది తప్ప ఒక్క చెయ్యి కూడా లేదు దీంట్లో. మళ్లీ మొదట నీదే పడాలి. ప్రవల్లిక బిడ్డకీ నువ్వే పట్టు. ఈసారి చెవుల్లో పొయ్యకు."

మంగతాయారు గిన్నె అందుకుంది. ఎడమ అరచెయ్యి అడుగున, కుడిచెయ్యి ముక్కు దగ్గర. బొటనవేలు నిటారుగా నిలబడింది. సత్యవేణి ఆ చేతుల్ని ఒకసారి చూసుకుని, ఫోనులో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాసింది.

"పెద్దవి మా అమ్మవి. చిన్నది నాది."